బ్లాక్‌పూల్ గాడిదలకి శుక్రవారం సెలవు!



ఈమధ్య మన శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది. "అమ్మాయి పురిటికని ఇంగ్లండు వెళ్తున్నాను. అక్కడ ఏమేం చూడచ్చు, ఎలా వెళ్ళాలి, కాస్త రాయండి" అని. లండన్ గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. అందుకని నేను లండన్ జోలికి పోవడం లేదు. 2024లో మా చెల్లెలి పురిటికని ప్రెస్టన్‌లో కొన్ని నెలలు ఉన్నాను. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఆ బాధ్యత నాకొచ్చింది. అక్కడికి దగ్గరలోనే బ్లాక్‌పూల్ అని సముద్రం ఒడ్డు ఊరు ఉంది. ఈ వారం దాని కబుర్లు చెబుతాను.

ముందుగా ఒక మాట. పురుడు పోయడానికి వెళ్ళే అమ్మలు ఇంగ్లండుని ఎక్కువగా వంటింటి కిటికీలోంచే చూస్తారు. పొద్దున్నే పథ్యం వంట, ఆపైన పసివాడికి నూనె, నలుగు, స్నానం, మధ్యాహ్నం బట్టలు, రాత్రి మళ్ళీ వంట. వీసా మీద ఉండనిచ్చే ఆరు నెలలూ అలాగే దొర్లిపోతాయి. పిల్లల్ని తప్పు పట్టడం లేదు. వాళ్ళ ఉద్యోగాలూ, నిద్రలేని రాత్రులూ వాళ్ళవి. కానీ ఒక్క రోజు, పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేసే ఒకే ఒక్క రోజు, ఆ అమ్మకి ఇవ్వలేమా? అందుకే ఈ వ్యాసం.

ఎక్కడుంది? ఎలా వెళ్ళాలి?

ఇంగ్లండుకి వాయవ్య మూలన, లాంకషైర్ అనే జిల్లాలో, ఐరిష్ సముద్రం ఒడ్డున ఉంది బ్లాక్‌పూల్. ప్రెస్టన్ నుంచి రైల్లో అరగంట. మాంచెస్టర్ నుంచయితే గంటంపావు, గంటన్నర. మాంచెస్టర్, బోల్టన్, ప్రెస్టన్ ప్రాంతాల్లో మనవాళ్ళ కాపురాలు చాలానే ఉన్నాయి కాబట్టి ఇది అందుబాటు ఊరే. బ్లాక్‌పూల్ నార్త్ స్టేషన్‌లో దిగితే ఎదురుగానే ట్రాము ఉంటుంది. ఈ స్టేషన్ దాకా ట్రాము వచ్చింది 2024 జూన్‌లోనే. ఓపిక ఉంటే సముద్రం వైపు నడిచేయచ్చు, పది నిమిషాల దూరం.

ఏ నెలలో వెళ్ళాలి అంటారా? జూన్ గానీ, జూలై మొదట్లో గానీ, శని ఆదివారాలు కాకుండా మామూలు రోజున వెళ్ళండి. జూలై చివరి నుంచి సెప్టెంబరు మొదటి దాకా అక్కడి బడులకి సెలవులు కనక జనం కిటకిటలాడతారు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుగుంటుంది. చీకటి పడకముందే ఇల్లు చేరాలనే బెంగ అక్కర్లేదు.

మన తాతల పంచెలు నేసిన వాళ్ళ ఊరు

ఈ ఊరి కథ వింటే మీకూ ముచ్చటేస్తుంది. లాంకషైర్ అంటే ఒకప్పుడు నూలు మిల్లుల సీమ. మన బజార్లలో అమ్మిన మిల్లు పంచెలు చాలావరకు అక్కడివే. బ్లాక్‌బర్న్ అనే ఊళ్ళో అయితే ప్రత్యేకంగా మన దేశానికని పంచెలు నేసేవాళ్ళు. ఆ మగ్గాల దగ్గర నిలబడిన వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మిల్లులో రోజంతా పనిచేసి, ఇంటికెళ్ళి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళు.

ఏడాదికో వారం ఊళ్ళో మిల్లులన్నీ ఒక్కసారే మూసేసేవాళ్ళు. ఒక్కో ఊరికి ఒక్కో వారం. దాన్ని 'వేక్స్ వీక్' అనేవాళ్ళు. 1846లో బ్లాక్‌పూల్‌కి రైలు వచ్చాక ఆ వారంలో ఊరికి ఊరే రైలెక్కి సముద్రానికి పోయేది. అయితే ఆ సెలవుకి జీతం ఉండేది కాదు సుమా! జీతంతో సెలవుల చట్టం 1938లో గానీ రాలేదు. అందుకని ఏడాది పొడుగునా వారం వారం కొన్ని పెన్నీలు చీటీలాగా కట్టుకుని దాచుకునేవాళ్ళు. పోపులడబ్బాలో చిల్లర దాచుకోవడం మనకొక్కళ్ళకే తెలిసిన విద్య కాదన్నమాట.

అక్కడ బస చేసే ఇళ్ళని నడిపింది కూడా ఆడవాళ్ళే. 'ల్యాండ్‌లేడీ' అంటారు. ఆ రోజుల్లో పద్ధతి ఏమిటంటే, బియ్యం పప్పుల్లాంటి సరుకు మనం తెచ్చుకోవాలి, ఇంటావిడ వండి పెడుతుంది. బల్ల మీద ఉప్పూ మిరియాల బుడ్లు పెట్టినందుకు కూడా విడిగా డబ్బు వసూలు చేసేవాళ్ళని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. అయినా నాకొకటి అనిపించింది. మిల్లు ఆవిడకి వారంపాటు పొయ్యి దగ్గరికి వెళ్ళకుండా కూర్చునే భాగ్యం దక్కిందంటే, అవతల ఇంకొకావిడ తెల్లారకముందే లేచి పదిమందికి వండింది కాబట్టే. ఒకావిడ సెలవు వెనక ఇంకొకావిడ చాకిరీ ఉందన్నమాట. పండక్కి మనింటికి చుట్టాలొచ్చినప్పుడు జరిగేదీ ఇదేగా!

ఇంకో సంగతి. 1931లో రౌండు టేబులు సమావేశానికి వెళ్ళిన గాంధీగారు ఈ లాంకషైర్‌లోనే డార్వెన్ అనే ఊరికి వచ్చారు. మన విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ కూడా తగిలి అప్పటికి అక్కడ ఎన్నో మిల్లులు మూతపడ్డాయి. పనులు పోయిన కోపంతో తిడతారేమో అనుకుంటే, మిల్లు ఆడవాళ్ళు ఆయన చుట్టూ చేరి జేజేలు కొట్టారు. ఆ ఫోటో ఎక్కడైనా కనిపిస్తే తప్పకుండా చూడండి. పొందూరు ఖద్దరు కట్టిన మన అమ్మమ్మలూ, మిల్లులో పని పోయిన ఆ ఆడవాళ్ళూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. కానీ ఇద్దరి కథా ఒకే నూలుపోగుకి ముడిపడి ఉంది.

ఏమేం చూడచ్చు?

*టవర్:* పారిస్‌లోని ఐఫిల్ టవర్ చూసి వచ్చి, అలాంటిదే మనకీ ఉండాలని ఊరి మేయరు ముచ్చటపడి కట్టించాడు. 1894లో తెరిచారు. ఎత్తు 158 మీటర్లు, ఐఫిల్ టవర్‌లో దాదాపు సగం. లిఫ్టులో పైకి వెళ్ళచ్చు. పైన ఒకచోట నేలకి అద్దం వేశారు. దాని మీద నిలబడి కిందకి చూస్తే మనుషులు చీమల్లా కనిపిస్తారు. కళ్ళు తిరిగేవాళ్ళు దూరంగా నిలబడి సముద్రం చూసుకోవచ్చు.

*నాట్యశాల:* టవర్ కిందే 'బాల్‌రూమ్' ఉంది. నన్నడిగితే బ్లాక్‌పూల్‌లో మొట్టమొదట చూడాల్సింది ఇదే. 1899 నాటిది. బంగారు రంగు నగిషీలు, పైకప్పు నిండా బొమ్మలు, పెద్ద పెద్ద షాండ్లియర్లు. ముప్పై వేలకి పైగా చెక్క ముక్కలు పేర్చి చేసిన నేల. వేదిక మీద వుర్లిట్జర్ అనే పెద్ద వాద్యం వాయిస్తుంటే జంటలు నాట్యం చేస్తుంటాయి. సినిమాల్లోలాగా కుర్రకారు అనుకునేరు! ఎక్కువమంది అరవై, డెబ్భై దాటినవాళ్ళే. టిక్కెట్టు కొనుక్కుని పక్కన కుర్చీల్లో కూర్చుని, టీ తాగుతూ ఎంతసేపైనా చూడచ్చు. ఆడమని ఎవరూ బలవంతపెట్టరు. కొన్ని రోజుల్లో పోటీలకని మూసేస్తారు కనక ముందే కనుక్కుని వెళ్ళండి.

*సర్కస్:* టవర్ నాలుగు కాళ్ళ మధ్యలో ఉంది. ఆఖర్లో సర్కస్ నేల కిందికి దిగి, చూస్తూండగానే నీళ్ళతో నిండిపోతుంది. పిల్లలకి భలే సరదా. జంతువులతో ఆటలు ఇప్పుడు లేవు.

*ట్రాము:* 1885లో మొదలైన విద్యుత్ ట్రాము ఇంకా నడుస్తోంది. సముద్రం పక్కనే సుమారు 18 కిలోమీటర్లు వెళ్ళి ఫ్లీట్‌వుడ్ దాకా చేరుతుంది. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి ఇది వరం. కిటికీ పక్కన కూర్చుంటే చాలు, ఊరంతా, సముద్రమంతా కళ్ళ ముందు తిరిగిపోతుంది. ఫ్లీట్‌వుడ్‌లో ఇళ్ళ వీధి మధ్యలో నిలబడిన దీపస్తంభం ఒకటి, పెద్ద మార్కెట్టు ఒకటి చూడదగ్గవి.

*పియర్లు:* సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన వంతెనల్లాంటివి. మూడున్నాయి. వాటిలో 1863 నాటి నార్త్ పియర్ అన్నిటికన్నా పాతది, ప్రశాంతమైనదీ.

*స్టాన్లీ పార్కు:* 1926లో తెరిచిన పెద్ద తోట. గులాబీలు, చెరువు, పడవలు, చెట్ల నీడన బెంచీలు. టిక్కెట్టు లేదు. చంటిపిల్లల్ని బండిలో తిప్పుకోవడానికి బాగుంటుంది.

*దీపాలు:* 1879లో ఎనిమిది విద్యుద్దీపాలు పెడితేనే జనం విరగబడి వచ్చారట. ఇప్పుడు సముద్రం ఒడ్డున సుమారు 10 కిలోమీటర్ల పొడుగునా దీపాలంకారం ఉంటుంది. ఆగస్టు చివర మొదలుపెట్టి కొత్త సంవత్సరం మొదటి రోజుల దాకా ఉంచుతున్నారు. దీపావళి రోజుల్లో అక్కడ ఉంటే మాత్రం చూడకుండా రావద్దు.

కుర్రాళ్ళు 'ప్లెజర్ బీచ్' అనే రంకులరాట్నాల పార్కుకి వెళ్తామంటారు. అది 1896 నాటిది. అందులో 'బిగ్ వన్' అనే రోలర్ కోస్టరు 1994లో వచ్చింది. వాళ్ళని అటు పంపి మీరు ట్రామెక్కండి.

బ్లాక్‌పూల్ రాక్, మన జీళ్ళు

ఊళ్ళో ఏ కొట్టు చూసినా గులాబీ రంగు మిఠాయి కడ్డీలు వేలాడుతుంటాయి. వాటిని 'రాక్' అంటారు. పిప్పరమెంటు రుచి. విచిత్రం ఏమిటంటే, కడ్డీ మధ్యలో ఊరి పేరు అక్షరాలుంటాయి. సగం తిన్నా, ముప్పావు తిన్నా ఆ అక్షరాలు అలాగే కనిపిస్తాయి! ఎలా చేస్తారా అని నాకు వంటింటి ఆరాటం.

పంచదార, గ్లూకోజ్ కలిపి ముదురు పాకం పట్టి, కొంత భాగాన్ని పదే పదే సాగదీస్తారు. గాలి చేరి అది తెల్లబడుతుంది. తిరునాళ్ళలో బెల్లం పాకాన్ని మేకుకి తగిలించి సాగదీసి జీళ్ళు చేస్తారు చూడండి, సరిగ్గా అదే కిటుకు. ఆ తరవాత రంగు పాకం పట్టీలతో ఒక్కో అక్షరాన్ని పెద్దదిగా పేరుస్తారు. అక్షరాలన్నీ తెల్ల పాకం మధ్యలో ఇమిడ్చి, చుట్టూ గులాబీ రంగు పొర చుడతారు. అప్పటికది మనిషి మోయలేనంత దుంగ. దాన్ని వేడి మీదే సన్నగా, పొడుగ్గా లాగుతారు. దుంగతోపాటు అక్షరాలూ సన్నబడతాయి. ఇంటికి తీసుకెళ్ళడానికి మంచి కానుక, పాడవదు కూడా. పళ్ళు జాగ్రత్త!

శుక్రవారం సెలవు

మా చెల్లెలి పక్కవీధిలో తెనాలి నుంచి వచ్చిన పిన్నిగారు ఒకావిడ ఉండేవారు. కోడలి పురిటికి వచ్చి అప్పటికి అయిదు నెలలు దాటింది. పదిరోజుల్లో తిరుగు ప్రయాణం. ఇల్లు, వీధి చివర కూరగాయల కొట్టు, ఆస్పత్రి, ఇవి తప్ప ఏమీ చూడలేదు. కొడుకు మంచివాడే. "వచ్చేవారం వెళ్దామమ్మా" అంటూ వచ్చాడు. ఆ వారం రాలేదు.

జూలైలో ఒక శుక్రవారం మా చెల్లెలు, "అక్కా, ఇవాళ మీ మరిదిగారు ఇంట్లోనే ఉంటారు. నువ్వూ, పిన్నిగారూ వెళ్ళిరండి" అంది. పిన్నిగారు ఒక పట్టాన కదల్లేదు. "పసివాడికి స్నానం ఎవరు పోస్తారమ్మాయ్? పాలు ఎవరు కలుపుతారు?" అన్నారు. ఆ కోడలు చప్పున, "అత్తయ్యా, మీరెళ్ళాక పోసుకోవాల్సింది మేమేగా. ఇవాళ్టినుంచే నేర్చుకుంటాం" అంది. ఆ పిల్ల అన్నమాట నాకు చాలా నచ్చింది.

సముద్రం ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గాడిదలుంటాయని మా మరిదిగారు చెప్పారు. పిన్నిగారికి చూడాలని సరదా. ఇసకలో ఎంత వెతికినా ఒక్కటీ కనబడలేదు. పక్కనే ఐస్‌క్రీం అమ్మే ఆవిణ్ణి అడిగితే, "ఇవాళ శుక్రవారం కదా, వాటికి సెలవు" అంది. మేం హాస్యమనుకున్నాం. కాదట! 1942 నుంచి ఆ ఊరి పురపాలక సంఘం నియమాలున్నాయట. గాడిదల చేత పొద్దున్న 10 కంటే ముందు, సాయంత్రం 7 దాటాక పని చేయించకూడదు. మధ్యాహ్నం గంటసేపు భోజన విరామం ఇవ్వాలి. శుక్రవారం పూర్తిగా సెలవు.

పిన్నిగారికి ఇదంతా తెలుగులో చెప్పాను. ముందు పకపకా నవ్వారు. తరవాత కాసేపు సముద్రం వైపు చూస్తూ ఉండిపోయి, "నాకు పెళ్ళై నలభై రెండేళ్ళమ్మాయ్. మా ఇంట్లో ఏ వారం సెలవో ఇంకా తేలలేదు" అన్నారు.

నేనేమనగలను? చెయ్యి పట్టుకుని బాల్‌రూమ్‌కి తీసుకెళ్ళాను. టీ తెప్పించాను. ఆవిడ వయసువాళ్ళే, చేతికర్ర కుర్చీకి ఆనించి పెట్టి, భర్త చెయ్యి పట్టుకుని లేచి నెమ్మదిగా అడుగులు వేస్తున్నారు. ఒకావిడ ఇంకో ఆవిడతో ఆడుతోంది, బహుశా తోడు పోయినవాళ్ళేమో. పిన్నిగారు రెండు గంటలు కదలకుండా చూశారు. ఒక్కసారి కూడా పసివాడి స్నానం మాట ఎత్తలేదు. కప్పు ఖాళీ అయితే వాళ్ళే వచ్చి తీసుకెళ్ళారు. అలవాటు కొద్దీ ఆవిడ లేచి కప్పు అందివ్వబోతే, ఆ అమ్మాయి నవ్వి "మీరు కూర్చోండి" అంది. రైల్లో వచ్చేటప్పుడు ఆ మాటే రెండుసార్లు చెప్పుకున్నారు పిన్నిగారు.

తిండి సంగతి

చేపా, బంగాళాదుంప చిప్సూ అక్కడి ప్రసిద్ధ భోజనం. శాకాహారులం చిప్స్ తింటే సరిపోతుందనుకోకండి. ఆ ప్రాంతంలో చాలా కొట్లలో చిప్స్‌ని ఎద్దు కొవ్వులో వేయిస్తారు. దాన్ని 'బీఫ్ డ్రిప్పింగ్' అంటారు. "వెజిటబుల్ ఆయిలేనా?" అని తప్పకుండా అడగండి. నూనెలో వేయించే కొట్లూ ఉన్నాయి. జెల్లీ మిఠాయిల్లోనూ తరచు జెలటిన్ ఉంటుంది, అట్ట మీద చదువుకోండి.

ఇంటినుంచి పట్టుకెళ్ళేవాళ్ళు నిమ్మకాయ పులిహోర తెల్లవారే కలపండి. ముందురోజు కలిపి ఫ్రిజ్‌లో పెడితే ఆ చలికి మెతుకు బిరుసెక్కుతుంది. అన్నిటికన్నా సుఖం చపాతీలు. కాస్త పాలు పోసి పిండి కలిపితే చల్లారినా మెత్తగా ఉంటాయి. లోపల బంగాళాదుంప వేపుడు పెట్టి చుట్టేస్తే ఒక చేత్తో తినచ్చు. ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకెళ్ళండి. జూలైలో కూడా ఆ గాలికి అమృతంలా ఉంటుంది.

పొట్లం విప్పేముందు పైకి చూడండి! సీగల్ అనే పెద్ద తెల్ల పక్షులుంటాయి. మన కాకులు వాటి ముందు సాధువులు. చేతిలోది తన్నుకుపోతాయి. గోడకి వీపు ఆనించి కూర్చుని తినండి.

కొన్ని జాగ్రత్తలు

* అక్కడ ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. మన విశాఖలో మనిషెత్తు కూడా ఉండదు. అక్కడ పెద్ద పోటు రోజుల్లో 8, 9 మీటర్లు ఉంటుంది. ఆటుకి ఇసక మైదానంలా కనిపిస్తుంది, పోటుకి నీళ్ళు గోడ దాకా వచ్చేస్తాయి. ఆ రోజు పోటు వేళలు చూసుకునే ఇసకలోకి దిగండి.

* ఉత్తరాన ఉన్న మోర్‌కామ్ ఇసకల్లోకి మాత్రం సొంతంగా నడిచి వెళ్ళకండి. ఊబులుంటాయి. 2004 ఫిబ్రవరిలో అక్కడ ఆల్చిప్పలు ఏరుకోవడానికి వెళ్ళిన చైనా కూలీలు 21 మందికి పైగా పోటులో చిక్కుకుని చనిపోయారు.

* నీళ్ళలోకి దిగే పిల్లల్ని ఎరుపు, పసుపు జెండాల మధ్యే ఉంచండి. అక్కడే కాపలాదారులు చూస్తుంటారు. వేసవిలోనూ నీళ్ళు చల్లగానే ఉంటాయి.

* గొడుగు పనికిరాదు, ఆ గాలికి తిరగబడిపోతుంది. టోపీ ఉన్న వానకోటు మంచిది. చీర కట్టుకునేవాళ్ళు పిన్నులు ఎక్కువ పెట్టుకోండి. లోపల మేజోళ్ళు, పైన స్వెట్టరు, కాళ్ళకి బూట్లు తప్పనిసరి.

* మరుగుదొడ్లు కొన్నిచోట్ల డబ్బు కట్టి వాడుకోవాలి. కార్డు గానీ, చిల్లర గానీ దగ్గర ఉంచుకోండి.

* ఇంటి చిరునామా, పిల్లల ఫోను నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఫోను ఛార్జింగు అయిపోయినా కాగితం అయిపోదు.

ఇక ఈ శీర్షిక చదివే అమ్మాయిలకీ, వాళ్ళ చేత చదివించుకునే అబ్బాయిలకీ ఒక మనవి. అమ్మ వచ్చిన మొదటి నెలలోనే క్యాలెండరులో ఒక తేదీకి సున్నా చుట్టండి. "వీలైతే వెళ్దాం" అనకండి, ఆ వీలు ఎప్పటికీ రాదు. టిక్కెట్లు కొని అమ్మ చేతిలో పెట్టండి. ఆ రోజు వంట మీరు చేసుకోండి. ఉప్పు కాస్త ఎక్కువైనా పరవాలేదు.

అమ్మలూ, మీకూ ఒక మాట. "నాకెందుకులే" అనకండి. మీరు వద్దంటే పిల్లలు నిజమే అనుకుంటారు.

వచ్చే వారం మీ ఉత్తరాలకి జవాబులు. అంతవరకు సెలవు!